మధుమేహ వ్యాసములలో మూడు మాటలు: ఒక విమర్శ

మధుమేహమును గూర్చి తెలుగున వెలువడు వ్యాసములకు నేడు కొదవ లేదు. వానియందు శాస్త్రవిషయము సరిగా నున్నను, మాట దానిని పెడదారి పట్టించు తావులు కలవు. చక్కెర, క్రిమి, కరగుట అను మూడు మాట లిందుకు నిదర్శనములు.

మొదటిది చక్కెర. బళ్లారి మండలమున తెలుగువారు చక్కెర వ్యాధి యనుదురు. కన్నడిగులు సక్కరె కాయిలె యనుదురు. ఈ పేరు దృష్టిని రక్తముపైననే నిలుపును. సుశ్రుతుడు ప్రమేహమును సహజము, అపథ్యనిమిత్తము అని రెండుగా విభజించి, ఆహారమునకు హేతుత్వ మొసగెను. ఆధునిక పరిశోధనయు ప్రేగువైపు చూపు మరల్చినది. 1957లో ఫ్రాన్సు వైద్యుడు జాఁ స్టెర్న్ చికిత్సలో ప్రవేశపెట్టిన మెట్‌ఫార్మిన్, కాలేయము గ్లూకోజును విడుదల చేయుటను తగ్గించునని ప్రసిద్ధి. అది సత్యమే కాని సమగ్రము కాదు. 2017లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, ఆ మందు సేవించిన రోగుల మలమునందలి సూక్ష్మజీవులను, ఏ సూక్ష్మజీవియు లేకుండ పెంచిన ఎలుకలలో ప్రవేశపెట్టిరి. చికిత్సకు పూర్వపు సూక్ష్మజీవులను పొందిన ఎలుకలకంటె ఇవి గ్లూకోజును మేలుగా వినియోగించుకొనెను. మందు చేయు పనిలో కొంత భాగము ప్రేగులోని జీవుల ద్వారా జరుగుచున్నదని దీని తాత్పర్యము.

రెండవది క్రిమి. ఈ జీవులను ప్రేగు క్రిములనుట కలదు. క్రిమి యన్నంతనే పాఠకునకు స్ఫురించునది సంహారము. క్రిమిసంహారకమను సమాసమే సాక్షి. ఈ జీవులో, మనకు జీర్ణము కాని పీచును పులియబెట్టి బ్యుటిరేటు, ప్రొపియొనేటు వంటివానిని పుట్టించును. అవి ప్రేగుగోడలోని కణములను ప్రేరేపించి జీఎల్‌పీ-1 అను హార్మోనును స్రవింపజేయును. జొన్నరొట్టె తిను ఈ సీమవారికి పీచు క్రొత్తది కాదు. అట్లని మిత్రక్రిములనుటయు దోషమే. మెట్‌ఫార్మిన్ వలన ఎషెరీషియా జాతి జీవులు పెరుగుట కనబడినది. ఆ మందు కలిగించు కడుపుబ్బరమునకు అదియు నొక కారణము కావచ్చునని శాస్త్రజ్ఞుల ఊహ. పక్షపాతము లేని పదము సూక్ష్మజీవి.

మూడవది కరగుట. స్థూలకాయమునకు టిర్జెపటైడు, సెమాగ్లుటైడు సూదిమందులు 2025లో భారతదేశమున విక్రయమునకు వచ్చినవి. వానిని కొవ్వు కరగించు మందు లనుచున్నారు. నేయి వేడికి కరగినట్లు కొవ్వు కరగదు. ఈ మందులు జీఎల్‌పీ-1 పనిని తాము చేయుచు, ఆకలిని తగ్గించును. జీర్ణాశయమునుండి ఆహారము కదలుటను మందగింపజేయును. తిండి తగ్గుటచేత బరువు తగ్గును. తిండి మారినచో ప్రేగులోని సూక్ష్మజీవులును మారును. కావున ఆ మార్పులో మందు పాలెంత, మితాహారము పాలెంత యని విడదీయుట సులభము కాదు. "కరగించు" అను క్రియ ఈ క్రమమునంతయు మరుగుపరచును. కరగినది పోయినదేయని నమ్మిన రోగి మందు మానును. మానిన పిమ్మట తగ్గిన బరువులో అధికభాగము తిరిగి వచ్చుట పరీక్షలలో తేలినది.

ఈ దోషము తెలుగునకే పరిమితము కాదు; కొబ్బు కరగుట కన్నడమునను కలదు. పరిహారమును ఉభయసామాన్యమే, సూక్ష్మజీవి యను పదము రెండు భాషలకును చెల్లును. బళ్లారిలో రెండు భాషలు చదువు బాలబాలికలే పెక్కిండ్లలో పెద్దలకు మందుల వివరము చదివి చెప్పువారు. వారి నోటికందించు మాట నిర్దుష్టముగా నుండవలెను.