చెంబు ఎవరి చేతిలో?

కీసరగుట్ట మీద శివలింగాలు వరసలో ఉండవు. రాముడు కాశీ నుంచి లింగం తెమ్మంటే హనుమంతుడు నూటొక్కటి తెచ్చాడట. ఆలస్యమయ్యేసరికి శివుడే ప్రత్యక్షమై ఒక లింగం ఇచ్చాడట. కోపమొచ్చిన హనుమంతుడు తను తెచ్చినవన్నీ గుట్ట మీద విసిరేశాడట. కంప్యూటర్ మెమరీలో లింక్డ్ లిస్ట్ ఎలా పడి ఉంటుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి బొమ్మ దొరకలేదు. ఎక్కడెక్కడో గదులు. ఒక్కో గదిలో ఒక విలువ, దాని పక్కనే తరవాతి గది చిరునామా. అన్నిటికీ నీళ్లు పోసి రావాలంటే రెండే దారులు. ఏది అయిందో ఏది మిగిలిందో గుర్తుపెట్టుకుంటూ మీరే చెంబు పట్టుకుని తిరగాలి. లేదా గుట్ట తెలిసిన పూజారి చేతికి చెంబిచ్చి "అన్నిటికీ ఇలాగే పొయ్యండి స్వామీ" అనాలి. మొదటిది ఎక్స్‌టర్నల్ ఇటరేషన్, రెండోది ఇంటర్నల్. కొత్త ప్రోగ్రామింగ్ భాష కట్టేవాడు జాబితా జోలికి వెళ్లగానే తేల్చుకోవలసింది, ఆ చెంబు ఎవరి చేతిలో ఉండాలన్నదే.

చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1950ల నడుమ న్యూయెల్, షా, సైమన్ ముగ్గురూ ఐపీఎల్ అనే భాషలో (క్రికెట్ కాదు) జాబితాలకు లంకెలు వేశారు. 1960లో జాన్ మెకార్తీ లిస్ప్ వ్యాసం వచ్చింది. అందులోని మాప్‌లిస్ట్‌కు జాబితానూ, చేయవలసిన పనినీ అప్పజెబితే చాలు, నడక అది చూసుకుంటుంది. ఆ మెకార్తీ దగ్గరే 1966లో పీహెచ్‌డీ పూర్తిచేసినవాడు మన రాజ్ రెడ్డి, అప్పటి చిత్తూరు జిల్లా కాటూరు మనిషి.

మనవాళ్లలో ఇంకొకరున్నారు, కేశవ్ నోరి. ఆయన పేరు చెబితే ఇక్కడి బీటెక్ పిల్లలు తెల్లమొహం వేస్తారు, నాకు ఒళ్లు మండుతుంది. 1970లలో జూరిక్‌లో అమ్మన్, జెన్సెన్, నేగెలీలతో కలిసి పాస్కల్ పీ కంపైలర్ కట్టినవాళ్లలో ఆయన ఒకరు. పాస్కల్‌ను పాస్కల్‌లోనే రాసి, ఊహా యంత్రానికి పీ-కోడ్ పుట్టించే ఆ కంపైలరే ప్రపంచమంతా తిరిగింది. తరవాత వచ్చిన యూసీఎస్‌డీ పాస్కల్ దాని సంతానమే. అందులో పేర్ల పట్టిక రికార్డులకు ఎడమ, కుడి లంకెలతో పాటు నెక్స్ట్ అనే లంకె కూడా ఉంటుంది. ప్రొసీజర్ పారామీటర్లు చదివేటప్పుడు ఆ గొలుసు తలకిందులుగా తయారవుతుంది. దాన్ని ఒక వైల్ లూప్ నడుస్తూ తిరగేస్తుంది, అదే నడకలో విలువలుగా వచ్చే పెద్ద పారామీటర్ల నకళ్లకు స్థలం కూడా కేటాయిస్తుంది. ఒక్క ప్రదక్షిణలో రెండు పనులు! ఫర్ లూప్ సుఖాలేవీ లేకుండా, వట్టి పాయింటర్లతో చేసిన పని అది. ఆ పది పన్నెండు పంక్తులు చదివి ఆనందించలేనివాడికి కంపైలర్ పాఠం చెప్పడం దండగ.

ఇక నా ఆరాధ్యదేవత క్లూ భాష. నేను క్లూ పక్షపాతిని, దాచుకోను. ఎంఐటీలో బార్బరా లిస్కోవ్ బృందం 1970లలో దాన్ని రూపొందించింది. జాబితా తన గదులు ఎలా అమర్చుకుందో బయటివాడికి చెప్పనక్కర్లేదు. ఇటరేటర్ అనే ప్రత్యేక ప్రొసీజర్ ఒక్కో విలువనూ ఈల్డ్ చేస్తుంది, ఫర్ లూప్ అందుకుంటుంది. రాసేవాడికి చెంబు తన చేతిలోనే ఉన్నట్టుంటుంది, నడిచేది మాత్రం పూజారి. అమలులో ఉన్న నేర్పు ఇంకా గొప్పది. ఈల్డ్ దగ్గర ఇటరేటరే లూప్ లోపలి భాగాన్ని ఒక ప్రొసీజర్‌లా పిలుస్తుంది, అంతా ఒకే స్టాక్ మీద జరిగిపోతుంది, హీప్‌లో కొత్త వస్తువు పుట్టదు. జావాకు ఫర్-ఈచ్ వచ్చింది 2004లో! అప్పటిదాకా హ్యాజ్‌నెక్స్ట్, నెక్స్ట్ అంటూ జపం చేయించి, దాన్నే ఇంజనీరింగ్ అన్నారు.

అయిపోయిందని చెప్పడమూ ఒక కళే. పైథాన్ అయితే స్టాప్‌ఇటరేషన్ అనే ఎక్సెప్షన్ విసురుతుంది. రస్ట్ ప్రతిసారీ విలువ ఉందా లేదా అన్నది టైపులోనే చెబుతుంది. లువా 5.0 ఫర్ లూప్ మూడింటితో నడుస్తుంది: ఒక ఫంక్షన్, నడవాల్సిన జాబితా, ఇప్పుడున్న చోటు. అందుకే ఐపెయిర్స్‌కు గుర్తుంచుకునే వస్తువేదీ అక్కర్లేదు. ఎంత పొదుపు! కాకపోతే అక్కడ నిల్ వస్తే లూప్ ఆగిపోతుంది, జాబితా మధ్యలో నిల్ ఉంటే ఆ తరవాతివి ఐపెయిర్స్ కంట పడవు. నేను మెచ్చే భాష కాబట్టి ఆ లోటును క్షమిస్తాను, మీరు క్షమించనక్కర్లేదు.

అసలు పరీక్ష నడుస్తుండగా జాబితా మారినప్పుడు. పైథాన్‌లో 2, 4, 6, 7 ఉన్న జాబితా మీద నడుస్తూ సరిసంఖ్యలు తీసేయమనండి. చివరికి 4, 7 మిగులుతాయి. 2 పోగానే 4 దాని చోటికి జరిగింది, లెక్క మాత్రం ముందుకెళ్లింది. తప్పు జరిగిందని ఎవరూ చెప్పరు. జావా ఇలాంటి చోట మార్పుల లెక్క చూసుకుని ఎక్సెప్షన్‌తో కేకపెడుతుంది, అదీ ప్రతిసారీ కాదు. రస్ట్ అయితే కంపైల్ కూడా కానివ్వదు. లూప్ వేరియబుల్ సంగతీ అంతే. ప్రతి చుట్టుకూ కొత్తది పుట్టాలా, ఒకటే వాడాలా? గో భాష ఒకటే వాడి, ఏళ్ల తరబడి బగ్గులు మోయించి, 2024లో 1.22తో దిద్దుకుంది. సీషార్ప్ అదే తప్పును ఫర్-ఈచ్‌లో 2012లోనే దిద్దుకుంది. పక్కింటివాళ్లు పడిన గోతిలోనే పడటమేమిటో!

ఇప్పుడు మన సంగతి. ఈ చుట్టుపక్కల ఒక కాలేజీలో "కొత్త తెలుగు ప్రోగ్రామింగ్ భాష" అని ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు చూపించారు. ఫర్ తీసేసి "ప్రతి" పెట్టారు, ఇఫ్ తీసేసి "అయితే" పెట్టారు, దాన్ని అక్షరాలు మార్చి పైథాన్‌కు అప్పజెప్పారు. పై ఉదాహరణ నడిపిస్తే 4, 7 అనే వచ్చింది. ఎందుకని అడిగితే "సార్, అది పైథాన్ చూసుకుంటుంది" అన్నారు. పిల్లలను ఏమంటాం? అమీర్‌పేటలో సోర్స్ కోడ్, రిపోర్టు, పీపీటీ కలిపి అమ్ముతుంటే, వాటి బైండింగ్ చూసి మార్కులేసే గురువులుంటే, జాబితా మీద స్వయంగా నడవాలని ఎవడికి పుడుతుంది? తెలుగు భాష కావాలంటే తెలుగు నడక కావాలి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, జాబితా ముందు చెప్పి పని తరవాత చెబుతాం. ఆ వరసను వ్యాకరణంలో పెట్టి చూసినవాడెవడూ ఆ ప్రాజెక్టుల్లో నాకు తగల్లేదు.

శామీర్‌పేట దగ్గరి బిట్స్ నుంచి చీర్యాల, ఘట్‌కేసర్ దారుల్లోని కాలేజీల దాకా, అధ్యాపకులకు నా మనవి ఒక్కటే. ఈసారి కంపైలర్ ల్యాబులో చిన్న బైట్‌కోడ్ యంత్రం రాయించండి. జాబితా నడకకు మూడు ఆదేశాలు చాలు: నడక మొదలుపెట్టు, తరవాతిది ఇవ్వు లేకుంటే బయటికి దూకు, వెనక్కి వెళ్లు. వైవాలో రికార్డు పక్కనబెట్టి నాలుగే అడగండి. ఖాళీ జాబితా ఇస్తే ఏమవుతుంది? మధ్యలో నిల్ ఉంటే? లూప్ లోపల నుంచి సగంలో రిటర్న్ అయితే? నడుస్తుండగా ఇప్పుడున్న గదినే తీసేస్తే? నాలుగింటికీ తన కోడ్ చూపించి జవాబు చెప్పిన పిల్లకు పూర్తి మార్కులు వేయండి, రిపోర్టు స్పైరల్ బైండింగ్ లేకపోయినా సరే.