మాలపల్లి నవలయు ద్వంద్వ ప్రభుత్వమును

చెన్నరాజధానిలో స్వపరిపాలన తొలి దినములను విమర్శించువారు సాధారణముగా శాసనసభ కావించిన చట్టములను లెక్కించి తీర్పు చెప్పుచుందురు. 1919 నాటి చట్టము ననుసరించి 1920 నవంబరులో ఎన్నికలు జరిగెను. కాంగ్రెసు వానిని బహిష్కరించెను. జస్టిసు పార్టీ మంత్రివర్గము నేర్పరచెను. 1921 నుండి 1926 వరకు ముఖ్యమంత్రిగా నుండిన పానగల్లు రాజా పానుగంటి రామారాయణింగారు తెలుగువారే. 1921లోనే శాసనసభ స్త్రీలకు వోటుహక్కు నంగీకరించినది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము వెలసినది. ఇవి చిన్న పనులు కావు. అయినను ఆ స్వపరిపాలన లోతెంతయో తెలిసికొనుటకు చట్టముల పట్టిక కంటె ఒక తెలుగు నవల పొందిన గతి మేలైన సాక్ష్యము. అది ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి'.

సహాయ నిరాకరణోద్యమ కాలమున రాయవేలూరు చెరసాలలో నుండి లక్ష్మీనారాయణగారు దీనిని రచించిరి. 1922లో ప్రకటితమైన యీ గ్రంథమును ప్రభుత్వము నిషేధించెను. ఏ ప్రభుత్వము? విద్య, స్థానిక సంస్థలు, ప్రజారోగ్యము మున్నగునవి మంత్రుల కప్పగింపబడెను. భూమిశిస్తు, పోలీసు, న్యాయపాలనము, కోశము గవర్నరు చేతిలోనే 'రిజర్వుడు' శాఖలుగా నిలిచెను. కావున తెలుగునాట విశ్వవిద్యాలయమును నెలకొల్పగలిగిన మంత్రులకు తెలుగు నవలపై నిషేధమును తొలగించు నధికారము లేకుండెను.

నవలలోని కథయు ఈ విభజనమునే ఎత్తిచూపుచున్నది. రామదాసు కుటుంబమునకు ప్రభుత్వము మంత్రుల శాఖల రూపమున గాక, పోలీసుగా, న్యాయస్థానముగా, చెరసాలగా, నేరస్థుల సెటిల్మెంటుగా ఎదురగును. సంగదాసు భూస్వామియైన చౌదరయ్య చేతిలో మరణించును. సోదరుడు వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై తిరుగుబాటు చేయును. ఆస్తిని బట్టి వోటు లభించిన ఆ దినములలో ఇట్టి కుటుంబమునకు శాసనసభలో పలుకు లేదు. నవల కడపటి భాగములలో ఉపన్యాసములు హెచ్చి కథ మందగించుననుట నిజమే. కాని సంగదాసు ఆశయములతో వెలయు సంస్థలను వర్ణించు ఆ భాగములే, స్వపరిపాలన పల్లెలో మొదలు కావలెనను రచయిత తలంపును తేటపరచుచున్నవి.

1935 నాటి చట్టము రాష్ట్రములలో ద్వంద్వ ప్రభుత్వమును తొలగించెను. 1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము మాలపల్లిపై నిషేధము నెత్తివేసెను. పోలీసు శాఖ మంత్రుల పరమైన పిమ్మటనే నవలకు విముక్తి కలిగినది. ఇంతటితో కథ ముగిసినదని మురియుట తగదు. నిర్బంధ హిందీ నెదిరించినవారిపై 1938లో ఆ మంత్రివర్గమే, ఆంగ్లేయులు తమ యుద్యమము నణచుటకు వాడిన క్రిమినల్ లా సవరణ చట్టమును ప్రయోగించెను.

ద్వంద్వ ప్రభుత్వ దోషము అధికారమును సగము దాచుకొనుట మాత్రమే యని పలువురు విమర్శకులు వ్రాసిరి. ఆ తీర్పు చాలదు. సగమును సంపూర్ణమైనను, అది రామదాసు వంటివాని గుడిసె ముందు ఏ రూపమున నిలుచునో చూడక స్వపరిపాలనను మెచ్చుకొనరాదు. మాలపల్లి నేటికిని చదువదగియుండుట ఈ పరీక్షను విడువక పెట్టుట చేతనే.