ప్రోస్టేటు కాన్సరు – అయస్కాంత చిత్రము చెప్పు సాక్ష్యము

ప్రోస్టేటు గ్రంథిలో కాన్సరు కలదని అనుమానము కలిగినపుడు వైద్యులు చిరకాలముగా ఒక పద్ధతి ననుసరించిరి. మలద్వారము గుండా అల్ట్రాసౌండు పరికరమును చొప్పించి, సూదితో గ్రంథినుండి పది పండ్రెండు ముక్కలు తీయుదురు. ఆ చిత్రములో గ్రంథి కనిపించును గాని అందలి కాన్సరు స్పష్టముగా కనిపించదు. చీకటిలో రాయి విసరినట్లే. పైగా సూది మలాశయము గుండా పోవుటచే అంటుదోషము కలుగవచ్చును.

2017లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ప్రోమిస్ పరిశోధన ఈ పద్ధతిని ఎం.ఆర్.ఐ.తో పోల్చి చూచినది. బ్రిటనులో 576 మందికి ముందుగా ఎం.ఆర్.ఐ. తీసి, పిదప అందరికిని రెండు బయాప్సీలు చేసిరి: ఒకటి పాతది, రెండవది గ్రంథియంతటను 5 మిల్లీమీటర్ల ఎడమున సూది గ్రుచ్చునది. ఈ రెండవదే గీటురాయి. చిత్రములో మచ్చ కనిపించినవారినే పరీక్షించి యుండినచో, చిత్రము వదలివేసిన కాన్సరుల లెక్క తెలియకుండెడిది. ఈ పరిశోధన గొప్పతనమంతయు ఇందే యున్నది.

ప్రమాదకరమైన కాన్సరు గలవారిలో 93 శాతము మందిని ఎం.ఆర్.ఐ. పట్టుకొనెను, పాత బయాప్సీ 48 శాతమునే పట్టుకొనెను. పాఠకుడు ఇచ్చట ఆగరాదు. అట్టి కాన్సరు లేనివారిలో ఎం.ఆర్.ఐ. సరిగా లేదని చెప్పినది 41 శాతము మందికే. తక్కిన 59 శాతమును వృథాగా అనుమానించెను. ఇందుకు కారణము భౌతికశాస్త్రములోనే కలదు. ఎం.ఆర్.ఐ. కాన్సరును నేరుగా చూడదు. బలమైన అయస్కాంత క్షేత్రములో ముఖ్యముగా నీటిలోని ప్రోటానులు రేడియో తరంగములకిచ్చు ప్రతిస్పందనను గ్రహించును. కణములు క్రిక్కిరిసినచోట నీటి అణువుల సంచారము తగ్గును. కాన్సరులోనే కాదు, వాపులోను, వయస్సుతో పెరిగిన గడ్డలలోను ఇట్లే జరుగవచ్చును.

మరియొక లోపము. చిత్రము చూపిన చోటనే సూది గ్రుచ్చినచో ఇంకను ఎక్కువ కాన్సరులు దొరకవచ్చునని రచయితలు వ్రాసిరి. కాని వారి పరిశోధనలో ఒక్క సూదియైనను చిత్రము ననుసరించి గ్రుచ్చినది కాదు; అది ఊహ మాత్రమే. 2018లో వెలువడిన ప్రెసిషన్ పరిశోధన 11 దేశములలో 500 మందిపై దానిని పరీక్షించినది. చిత్రము ననుసరించిన వర్గములో 38 శాతము మందికిని, పాత పద్ధతిలో 26 శాతము మందికిని ముఖ్యమైన కాన్సరు దొరకెను. అయితే చిత్రము నిర్దోషమన్నవారికి అందు బయాప్సీయే చేయలేదు. వారిలో తప్పిపోయిన కాన్సరులెన్నో ఆ అంకెలు చెప్పవు. అందుకు మరల ప్రోమిస్ పట్టికనే చూడవలెను: చిత్రములో అనుమానము లేని 158 మందిలో 17 మందికి ప్రమాదకరమైన కాన్సరు కలదు.