మరచిన తల్లి, నిద్రించిన తల్లి

పీర్జాదిగూడలో నా తరగతిలో ప్రహ్లాద చరిత్ర చెబుతున్నాను. లీలావతి గర్భంతో ఉండగా నారదుడు తన ఆశ్రమంలో ఆమెకు తత్త్వం బోధించాడనీ, కడుపులోని ప్రహ్లాదుడు దాన్ని విని గుర్తుంచుకున్నాడనీ అన్నాను. ఒక అమ్మాయి లేచి, "సార్, కొడుకుకు యాదున్నది. మరి అమ్మకు?" అని అడిగింది.

భాగవత సప్తమ స్కంధంలో దీనికి జవాబుంది. చాలాకాలం గడిచినందువల్లా, స్త్రీ అయినందువల్లా తల్లి మరచిపోయిందట! జనం నోట వినిపించే అభిమన్యుడి కథ మరో అడుగు ముందుకు వేసింది. సుభద్ర నిద్రపోయింది గనుక పద్మవ్యూహం నుంచి బయటపడే దారి కొడుక్కు తెలియలేదట. రెండు కథల్లోనూ చెప్పేది పురుషుడు, నేర్చేది కొడుకు, తప్పు మాత్రం తల్లిది. భూస్వామ్య సంస్కృతి గర్భాన్ని పాఠశాల చేసింది; తల్లిని ఆ పాఠశాల గోడ చేసింది.

శాస్త్రం చెప్పేది వేరు. 1980లో డికాస్పర్, ఫైఫర్ ప్రచురించిన ప్రయోగంలో మూడు రోజులైనా నిండని శిశువులు పరాయి స్త్రీ గొంతుకంటే తల్లి గొంతునే కోరుకున్నారు. కడుపులో ఉండగానే ఆ గొంతు పరిచయమవుతుందని తరువాతి పరిశోధనలు బలపరిచాయి.

మన సాహిత్యంలో ఆ గొంతు ఏది? స్త్రీల రామాయణపు పాటలు కౌసల్య వేవిళ్ళను పాడుకున్నాయి. పండితులు చాలాకాలం వాటిని కవిత్వంగా లెక్కించలేదు. స్త్రీవాద కవులు వచ్చాక కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' ఆసుపత్రి మాటలనే కవితా శీర్షికలు చేశాయి. ప్రసవం, గర్భస్రావం కవిత్వంలోకి వచ్చాయి. కాని తల్లి బిడ్డతో ఊసులాడే ఆ తొమ్మిది నెలలు మన కథల్లో ఇంకా అరుదే.

ఊసులాడటానికి తీరిక కావాలి. తీరిక వర్గసమస్య. 2017 సవరణ ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచింది. ఇళ్ళలో పాచిపని చేసే స్త్రీకి అది అందలేదు. ఉప్పల్ బస్సులో ఒక చేత్తో కమ్మీ, మరో చేత్తో పొట్ట పట్టుకుని నిలబడే ఆమె కూడా బిడ్డతో ఏదో చెబుతూనే ఉంటుంది. నాచారం కార్ఖానాలో మిషన్ల రొద మధ్య ఆ మాట ఎవరికీ వినబడదు.

ఆ అమ్మాయితో, "తల్లిని ఎవరూ అడగలేదమ్మా" అన్నాను. కథకులు ఇప్పుడైనా అడగాలి. గర్భవతి త్యాగాన్ని పొగడటం మాని, ఆమె తన బిడ్డతో ఏం మాట్లాడుతోందో విని రాయాలి.