ఇంటి లెక్క, మనిషి లెక్క: జిదాఫ్స్ నుంచి చూసిన బహ్రెయిన్ గృహ ప్రణాళిక

మనామా నుంచి బుదయ్యా రోడ్డు మీదుగా పడమటికి వెళ్లేవారికి రాజధాని ఎక్కడ ముగిసిందో, జిదాఫ్స్ ఎక్కడ మొదలైందో తెలియదు. ఒకప్పుడు ఆ తేడా స్పష్టంగా ఉండేది. ద్వీపపు ఉత్తర తీరం వెంట ఖర్జూర తోటలు, వాటికి నీరందించే ఊటలు, ఆ తోటల మధ్య రాతి ఇళ్ల ఊళ్లు ఉండేవి. వాటిలో జిదాఫ్స్ పెద్దది. షియా మత విద్యకు పేరుపొందిన ఊరు. చేపలు, కూరగాయలు అమ్మే అంగడికి, ముహర్రం ఊరేగింపులకు చుట్టుపక్కల గ్రామాల వారు వచ్చే చోటు. 2002కు ముందున్న పరిపాలనా విభజనలో దేశంలోని పన్నెండు పురపాలికలలో ఒకటి దీని పేరునే ఉండేది. ఇప్పుడు తోటలు చాలావరకు పోయాయి. సనాబిస్, కర్బాబాద్ గ్రామాలకు ఉత్తరాన సముద్రాన్ని పూడ్చి సీఫ్ ప్రాంతాన్ని నిర్మించారు. అక్కడ మాల్స్, హోటళ్లు, కార్యాలయ భవనాలు వెలిశాయి. తీరమే ఊళ్ల నుంచి దూరం జరిగింది.

బహ్రెయిన్ గృహ ప్రణాళిక గురించి వచ్చే రాతలు సాధారణంగా కొత్త నగరాల గురించే ఉంటాయి. జిదాఫ్స్ వంటి పాత ఊరి నుంచి చూస్తే ఆ ప్రణాళికలో వేరొక సంగతి కనబడుతుంది. ఒక నగరం తన భవిష్యత్తు గృహావసరాన్ని అంచనా కట్టేటప్పుడు మొదట తేల్చుకోవలసింది ఎన్ని ఇళ్లు కావాలన్నది కాదు, ఎవరి అవసరాన్ని అవసరంగా గుర్తించాలన్నది. బహ్రెయిన్ ఈ రెండో ప్రశ్నకు చాలాకాలం క్రితమే జవాబు చెప్పుకొంది. తరువాతి కష్టాలలో సగం ఆ జవాబులోనే ఉన్నాయి.

ఆ దేశం చేసిన పనిని తక్కువ చేసి చూడనక్కరలేదు. ఈసా టౌన్ 1968లో ప్రారంభమైంది. అప్పటికి దేశానికి స్వాతంత్ర్యమే రాలేదు. 1975లో గృహనిర్మాణ మంత్రిత్వ శాఖ ఏర్పడింది. 1976లో గృహవసతి చట్టం, 1979లో గృహరుణాల కోసం ప్రత్యేక బ్యాంకు వచ్చాయి. 1984లో హమద్ టౌన్‌కు కుటుంబాల రాక మొదలైంది. పరిమిత ఆదాయం గల పౌరులకు గృహవసతి కల్పించే బాధ్యతను 2002 రాజ్యాంగం తొమ్మిదో అధికరణంలో రాజ్యం మీద పెట్టింది. ఇంటి హక్కును ఎన్నికల వాగ్దానంగా మాత్రమే ఎరిగిన తెలుగు పాఠకుడికి ఇది ఆశ్చర్యం కలిగించే వాక్యమే. 40 వేల ఇళ్లు కట్టాలన్న రాజాదేశం, 2015–2018 ప్రభుత్వ కార్యక్రమంలో 25 వేల ఇళ్ల లక్ష్యం, ఉత్తర తీరాన పూడ్చిన దీవుల మీద సుమారు 15 వేల ఇళ్ల అంచనాతో సల్మాన్ సిటీ, సిత్రా, హిద్ద్ తూర్పు తీరాలలో మరికొన్ని కాలనీలు ఇదే క్రమానికి కొనసాగింపు.

ఈ యంత్రాంగమంతా తిరిగే ఇరుసు దరఖాస్తుల వరుస. పౌరుడు పెళ్లి చేసుకుంటాడు, దరఖాస్తు పెడతాడు, ఆ ఏడాది అతని చిరునామాలో భాగమైపోతుంది. తనది ఫలానా సంవత్సరపు దరఖాస్తు అని చెబితే ఎదుటివారికి అతని వయసు, పిల్లల చదువులు, సహనం అన్నీ తెలిసిపోతాయి. ఐదేళ్లు దాటినవారికి నెలకు వంద దినార్ల అద్దె భత్యం ఇస్తారు. పది, పదిహేను ఏళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం నిరీక్షించిన కుటుంబాలున్నాయి. ఆ నిరీక్షణ తండ్రి ఇంటిలోనే గడుస్తుంది. జిదాఫ్స్ వంటి ఊళ్లలో పాత ఇంటి మీద అంతస్తు వేసి ఒక కొడుక్కు, పెరట్లో గది కట్టి ఇంకో కొడుక్కు చోటు కల్పించడం అందుకే. వీధుల వెడల్పు మాత్రం గాడిదబండ్ల కాలం నాటిది.

వరుసను ప్రణాళికకు ఆధారం చేసుకోవడంలో ఒక సౌలభ్యం ఉంది: అంకె సిద్ధంగా ఉంటుంది. కానీ వరుస చూపేది దరఖాస్తు పెట్టగలిగిన వారిని మాత్రమే. 2015లో వచ్చిన 909వ నంబరు మంత్రిత్వ ఉత్తర్వు ఏ కుటుంబం అర్హమో తరగతులుగా విడదీసి చెప్పింది. పిల్లలున్న విడాకులు పొందిన స్త్రీలకు, తల్లిదండ్రులు లేనివారికి చోటు కల్పించే ప్రయత్నం అందులో ఉంది, అది మెచ్చుకోదగినదే. అయినా ఆ పత్రం భాషలో ఇల్లు అంటే పౌర కుటుంబానికి చెందినది. 2008 అక్టోబరులో వెలువడిన ‘ఆర్థిక దార్శనికత 2030’ను ఇదే దృష్టితో చదవవచ్చు. సుస్థిరత, పోటీతత్వం, న్యాయం అనే మూడు సూత్రాల మీద నిలబడిన ఆ పత్రం పెట్టుకొన్న ప్రధాన లక్ష్యం, 2030 నాటికి ప్రతి బహ్రెయినీ కుటుంబపు ఖర్చు చేయగల నిజ ఆదాయాన్ని కనీసం రెట్టింపు చేయడం. దేశ భవిష్యత్తును కొలిచే ప్రమాణమే పౌర కుటుంబం. ఒక రాజ్యం తన పౌరులను ముందు తలచుకోవడం తప్పు కాదు. కానీ నగర ప్రణాళిక అనేది పౌరసత్వ పత్రం కాదు. నీళ్ల గొట్టం, మురుగు కాలువ, పార్కింగు, మంటలార్పే వాహనం తిరగగల మలుపు, ఇవన్నీ అక్కడ నిద్రించే తలల లెక్కను బట్టి ఉండాలి.

ఆ తలల లెక్క జనగణనలలో స్పష్టంగానే ఉంది. 2001లో బహ్రెయిన్ జనాభా 6,50,604. అందులో విదేశీయులు 2,44,937. 2010 నాటికి మొత్తం 12,34,571, విదేశీయులు 6,66,172. తొమ్మిదేళ్లలో పౌరులు లక్షా అరవై వేల పైచిలుకు పెరిగితే విదేశీయులు నాలుగు లక్షల ఇరవై వేలకు పైగా పెరిగారు. 2020లో మొత్తం 15,01,635 మందిలో విదేశీయులు 7,89,273. అంటే సగానికి మించి. దేశంలో సగానికి పైగా మనుషులు గృహ మంత్రిత్వ శాఖ వరుసలో ఉండరు, ఉండే వీలూ లేదు. వారి వసతి కార్మిక శాఖ తనిఖీలోకీ, పురపాలిక ఫిర్యాదుల దస్త్రంలోకీ, అగ్నిమాపక శాఖ నివేదికలోకీ వస్తుంది. గృహావసరంగా మాత్రం ఎక్కడా రాదు.

దీనికి ప్రణాళికాకర్తల దగ్గర ఒక సమాధానం ఎప్పుడూ ఉంటుంది: వారు తాత్కాలికులు, పని ముగియగానే వెళ్లిపోతారు. వ్యక్తి విషయంలో ఇది నిజమే. రెండేళ్లకో, పదేళ్లకో మనిషి వెళ్లిపోతాడు. కానీ అతని మంచం ఖాళీగా ఉండదు. అదే గదికి, అదే కంపెనీ నుంచి, తరచు అదే ఊరి నుంచి ఇంకొకడు వస్తాడు. మూడు జనగణనలు చెబుతున్నది ఇదే. తాత్కాలికులు అనే మాట మనుషులకు వర్తిస్తుంది గానీ సంఖ్యకు వర్తించదు. గృహ ప్రణాళిక పని సంఖ్యతోనే.

ఇప్పుడు జిదాఫ్స్‌కు తిరిగి వస్తే ఈ రెండు లెక్కలు ఎక్కడ కలుస్తాయో తెలుస్తుంది. ఇల్లు మంజూరైన కుటుంబం హమద్ టౌన్‌కో, సల్మాన్ సిటీకో తరలిపోతుంది. ముహర్రం దినాలలో మళ్లీ పాత వీధికే వస్తుంది. మాతం అక్కడే ఉంది, పెద్దల సమాధులు అక్కడే ఉన్నాయి. మిగిలిన రోజులలో ఆ పాత ఇంటికి ఇంకొక ఉపయోగం దొరుకుతుంది. మనామా, ముహర్రక్ పాత పేటలలో ఎన్నో ఏళ్లుగా జరుగుతున్నది ఇక్కడా జరిగింది. గదికి అద్దె, గదిలో మంచానికి అద్దె. గల్ఫ్ తెలుగువారి నోట ఇది ‘బెడ్ స్పేస్’. కంపెనీ ‘క్యాంపు’లో ఉండేవాడు ఒక రకం, సొంతంగా పని వెతుక్కొంటూ నలుగురితో కలిసి ‘రూము’ తీసుకొనేవాడు మరొక రకం. ఈ రెండోవాడే పాత ఊళ్లకు వస్తాడు. కుటుంబాలుండే వీధులలో ‘బ్యాచిలర్లు’ ఉండరాదన్న డిమాండు అక్కడి పురపాలక మండళ్లలో, పార్లమెంటులో మళ్లీ మళ్లీ వినబడుతుంది. హైదరాబాదులో ‘ఫ్యామిలీలకు మాత్రమే’ అన్న టు-లెట్ బోర్డును చూసినవారికి ఈ స్వరం కొత్తది కాదు. జగిత్యాలలో భార్యాబిడ్డలున్న నలభై ఏళ్ల మేస్త్రీ ఈ భాషలో బ్యాచిలర్ అవుతాడు.

బహ్రెయినీల వైపు నుంచి చూస్తే ఆ ఫిర్యాదులో పస లేకపోలేదు. ఒక ఇంటికి వేసిన కరెంటు తీగ మీద ఇరవై మంది బతకడం పక్కింటికి కూడా ప్రమాదమే. అయితే పాత ఇంటిని అద్దెకిచ్చేది ఎవరు, కూలీ చౌకగా కావాలన్నది ఎవరు అనే ప్రశ్నలను ఆ ఫిర్యాదు దాటవేస్తుంది. పౌరుడికి ఇల్లు ఇవ్వడానికి ఆలస్యమైన కొద్దీ పాత ఇంటి అద్దె అతని కుటుంబానికి ఆధారం. విదేశీయుడికి ఇల్లు లేని కొద్దీ ఆ అద్దెకు గిరాకీ. ఒకరినొకరు ఫిర్యాదు చేసుకొనే ఈ ఇద్దరూ ఒకే ప్రణాళికాలోపాన్ని చెరొక కొసన పట్టుకొని ఉన్నారు.

ఆ లోపం ధర ఏమిటో రెండు అగ్నిప్రమాదాలు చూపాయి. 2006 జూలైలో గుదైబియాలో కార్మికులుండే భవనం కాలి 16 మంది భారతీయులు చనిపోయారు. 2013 జనవరిలో మనామా ముఖర్కాలో మరొక భవనం కాలి 13 మంది బంగ్లాదేశీయులు చనిపోయారు. రెండోది కంపెనీ క్యాంపు కాదు. కార్మికులు విడివిడిగా అద్దెకు తీసుకొన్న ఇల్లు. క్యాంపులకు ప్రమాణాలున్నాయి, తనిఖీదారులున్నారు. సొంతంగా గది తీసుకొన్నవాడు కార్మిక శాఖ దృష్టిలో కార్మిక వసతిలో లేడు, గృహ శాఖ దృష్టిలో ఇంటి అర్హుడు కాడు. 2014లో కార్మిక వసతి ప్రమాణాలపై కొత్త ఉత్తర్వు వచ్చింది. అది కూడా యజమాని సమకూర్చే వసతిని ఉద్దేశించినదే.

ఇంకా కనబడని వసతి ఒకటుంది. గోదావరి జిల్లాల నుంచి, కడప ప్రాంతం నుంచి ఇంటిపనికి వెళ్లిన స్త్రీలది యజమాని ఇంటిలోని ఒక మూల. ఆ మూల విడి ఇల్లు కాదు, అద్దె గది కాదు, క్యాంపూ కాదు. ఉద్యోగం పోయిన రోజునే నీడ కూడా పోతుంది. గృహావసరం అన్న మాటకు ఇంతకన్నా నేరుగా సరిపోయే స్థితి లేదు గానీ ఏ అంచనాలోనూ దానికి గడి లేదు.

తెలుగువారి వైపు నుంచి ఈ కథకు ఇంకొక భాగముంది. సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్, కామారెడ్డి పల్లెలలో మనిషి బహ్రెయిన్‌కు వెళ్లినా ‘దుబాయి పోయిండు’ అనడమే రివాజు. దేశాల తేడా అక్కడ పెద్దగా లెక్కలోకి రాదు. ఆ పల్లెలలో రంగు రంగుల డాబాలు, స్లాబు వేసి ఆగిపోయిన మొదటి అంతస్తులు గల్ఫ్ డబ్బుకు గుర్తులు. కట్టించినవాడు అందులో రెండేళ్లకొకసారి నెలా రెండు నెలలు ఉంటాడు. బహ్రెయిన్ తన ప్రణాళికలో చూపని ఇల్లు ఈ విధంగా మూడు వేల కిలోమీటర్ల దూరంలో లేస్తుంది. కార్మికుడికి ఇల్లు వేరేచోట ఉందన్న భావన మీదనే అక్కడి వేతనం, మంచం అద్దె, గది కొలత నిలబడ్డాయి. అతని గృహావసరాన్ని ఒక దేశం ఇంకొక దేశపు పల్లెకు బదిలీ చేసిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

భూమి ప్రశ్న దీనికంతటికీ అడుగున ఉంది. బహ్రెయిన్ చిన్న ద్వీపం, భూమి లేదు, అందుకే సముద్రాన్ని పూడ్చాలి అన్నది తరచు వినిపించే వాదన. కానీ 2003 తరువాత 65 చదరపు కిలోమీటర్ల ప్రభుత్వ భూమి ప్రైవేటు చేతులకు మారిందని 2010లో పార్లమెంటు విచారణ సంఘమే తేల్చింది. సీఫ్ వంటి పూడిక నేలల మీద మొదట లేచినవి జిదాఫ్స్, సనాబిస్ కుర్రవాళ్లకు ఇళ్లు కావు. పూడిక వల్ల చేపల వేట దెబ్బతిన్నదని ఉత్తర తీరపు బెస్తలు మొరపెట్టుకొన్నారు. భూమి కొరత అనేది ప్రకృతి పెట్టిన హద్దు మాత్రమే కాదు. దేనికి కొరత, దేనికి కాదు అన్నది నిర్ణయాలలో ఉంటుంది.

జిదాఫ్స్‌కు ఎంతో దూరం లేని అధారీ ఊట మీద బహ్రెయినీల సామెత ఒకటుంది: అధారీ దూరపు తోటను తడుపుతుంది, దగ్గరి తోటను ఎండగడుతుంది. ఊట మట్టం దగ్గరి నేల కన్నా పల్లంలో ఉండడం వల్ల కాలువ దూరంగా పోయేదని చెబుతారు. ఇరవయ్యో శతాబ్దం చివరికి, లోతు బావుల తోడకం వల్ల, ఊటే ఎండిపోయింది. దూరాన పూడిక దీవుల మీద కొత్త పట్టణం కట్టి, దగ్గరి పాత ఊరిని పడిపోయే ఇళ్ల జాబితాలో మాత్రమే చూసే పద్ధతిని వర్ణించడానికి అక్కడివారికి వేరే మాట వెతుక్కోవలసిన పని లేదు. శిథిలమైన ఇళ్లను బాగుచేసే పథకం నడిచిన మాట నిజం. అది ఇంటిని ఒక్కొక్కటిగా చూసింది. వీధిని, మురుగును, అద్దెకున్నవారిని కలిపి ఒక ఊరుగా చూడలేదు.

ఈ చూపు గల్ఫ్‌కే ప్రత్యేకం కాదు. 2023 జూన్‌లో హైదరాబాదు శివారు కొల్లూరులో 15,660 రెండు పడకగదుల ఇళ్లను ఒకే ప్రాంగణంలో ప్రారంభించారు. సల్మాన్ సిటీ అంచనాకు దాదాపు సమానమైన అంకె. అక్కడా అర్హతకు ఆధారం దరఖాస్తు, స్థానికత, కుటుంబం. ఆ భవనాలు కట్టిన బీహారు, ఒడిశా కార్మికులు రేకుల షెడ్లలో ఉండి వెళ్లిపోయేవారే. 2020లో కేంద్రం వలస కార్మికుల కోసం అద్దె గృహసముదాయాల పథకం ప్రకటించింది. లాక్‌డౌన్‌లో లక్షలాది మంది రోడ్డు మీద నడిచిన తరువాత గానీ నగరానికి అద్దె మంచం కూడా గృహావసరమేనని తోచలేదు. బహ్రెయిన్‌లో వలసవాడు నడిచి వెళ్లడానికి రోడ్డు లేదు. సౌదీ వంతెన ఉంది గానీ దానికి వీసా కావాలి.

జిదాఫ్స్‌కు పనికివచ్చే ప్రణాళిక పెద్ద ఊహలు కోరదు. బహ్రెయిన్‌లో ప్రతి ఇంటికీ బ్లాకు, రోడ్డు, ఇంటి నంబరు ఉన్నాయి. పౌరుడికైనా విదేశీయుడికైనా సీపీఆర్ కార్డు ఉంది. ఇంత చక్కగా నంబర్లు వేసుకొన్న దేశాలు తక్కువ. ఒక బ్లాకులో ఎన్ని ఇళ్లలో యజమాని కుటుంబముంది, ఎన్నింటిలో మంచాలు అద్దెకున్నాయి, ఎన్ని తాళాలు వేసి ఉన్నాయి అని రాయగల యంత్రాంగం ముందే ఉంది. పాత ఇంటిని లైసెన్సుతో, తలకింత చోటు, రెండో ద్వారం, పొగ హెచ్చరిక గంట ఉండేటట్టు అద్దెకిచ్చే యజమానికి మరమ్మతు రుణం ఇస్తే, ఆ డబ్బు జిదాఫ్స్ కుటుంబానికే చేరుతుంది. వరుసలో ఉన్న కొడుక్కి పాత వీధిలోనే స్థలం కూడగట్టి నాలుగంతస్తులు కట్టుకొనే అనుమతి ఇవ్వవచ్చు. వీటికి అడ్డు డబ్బు కాదు. మంచం అద్దెను చట్టబద్ధం చేయాలంటే ఆ మంచం మీద పడుకొనేవాడు ఈ ఊరి నివాసి అని ఒక ఫారం మీద రాయాలి. ఇంతవరకు బహ్రెయిన్ గృహ శాఖ ఏ ఫారంలోనూ అందుకు గడి లేదు.