డోలు పక్కన బాస్ గిటార్

పరకాలలో బతుకమ్మ ఆటైనా, వినాయక మండపమైనా, పెళ్లి బరాతైనా పాట ఆరుబయటే సాగుతుంది. చుట్టూ గోడలుండవు, పైన శామియానా గుడ్డ తప్ప మరేమీ ఉండదు. పక్కనే డప్పులు, డోళ్లు మోగుతుంటాయి. అలాంటి స్టేజీ ఎక్కిన బాస్ గిటారిస్టుకు అసలు చిక్కు చోటుతోనే. తాను వాయించాల్సిన మంద్ర స్థాయిని డోలు అప్పటికే ఆక్రమించి ఉంటుంది. మల్టీ ఎఫెక్ట్స్ పెడల్‌ను వింత శబ్దాల పెట్టెగా చూసేవాళ్లే ఎక్కువ. ఇక్కడి స్టేజీ మీద మాత్రం దాని మొదటి పని బాస్‌కు చోటు చూపించడమే.

పరకాల ఉన్న ఓరుగల్లు (వరంగల్) ప్రాంతపు చెవికి మంద్రధ్వని కొత్త కాదు. మల్లన్న, బీరప్ప కథలు చెప్పే ఒగ్గు కళాకారులకు డోలే ప్రాణం. ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవాళ్ల చేతిలో జమిడిక ఉంటుంది. ఒకవైపు తోలు మూసిన గొట్టం, ఆ తోలు నడిమి నుంచి లాగిన ఒక్క నరం, అంతే ఆ వాద్యం. గొట్టాన్ని చంకలో ఇరికించి, ఒక చేత్తో నరాన్ని బిగిస్తూ వదులుతూ, మరో చేత్తో మీటుతారు. బిగింపు మారినప్పుడల్లా స్వరం జారుతుంది. లయా, మంద్రమూ, గమకమూ ఒకే వాద్యంలో పలుకుతాయి. బాస్ నేర్చుకునే తెలంగాణ యువకులు దాన్ని శ్రద్ధగా వినాలి. తీగ మీద వేలు జార్చి, పెడల్‌లోని ఎన్వలప్ ఫిల్టర్‌ను కొద్దిగా కలిపితే ఆ పలుకుకు దగ్గరగా వెళ్లవచ్చు. మీటు ఎంత గట్టిగా పడితే ఆ ఫిల్టర్ అంతగా తెరుచుకుంటుంది.

లియో ఫెండర్ ‘ప్రెసిషన్ బాస్’ అనే గిటార్‌ను 1951లో మార్కెట్లోకి తెచ్చాడు. తెలుగు శ్రోతకు బాస్ రుచి బాగా పట్టించింది మాత్రం ఇళయరాజా. ‘గీతాంజలి’ (1989), ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ (1990) పాటల్లో బాస్ పల్లవి కింద నేలలా పడి ఉండదు, పక్కనే తన దారిలో తాను నడుస్తుంది. ఆయన వాద్యబృందంలో బాస్ వాయించిన శశిధరన్ పేరు ఈ రంగంలో గౌరవంగా వినిపిస్తుంది. ఆర్కెస్ట్రాల్లో బాస్ పట్టినవాళ్లు ఆ పాటలు విని చేయి తిప్పుకున్నవాళ్లే. అయితే అవి రికార్డింగ్ స్టూడియోలో, మైకుల మధ్య పుట్టిన ధ్వనులు. అదే టోన్‌ను మైదానంలో దించాలంటే లెక్కలన్నీ మారిపోతాయి.

ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తయారుచేసుకున్న ప్యాచ్ (పెడల్‌లో దాచుకున్న ఎఫెక్టుల అమరిక) స్టేజీ మీద ఎందుకు బురదలా వినిపిస్తుందో 1933లో బెల్ లాబ్స్ పరిశోధకులు ఫ్లెచర్, మన్సన్ చెప్పినదాన్ని బట్టి తెలుస్తుంది. శబ్దం చిన్నగా ఉన్నప్పుడు మన చెవికి మంద్రం సరిగా ఆనదు. అందుకే ఇంట్లో బాస్ నాబ్‌ను పెంచేస్తాం. శబ్దం పెరిగేకొద్దీ చెవికి ఆ మంద్రం పూర్తిగా వినిపిస్తుంది. ఇంట్లో ఇంపుగా ఉన్నది డీజే బాక్సుల్లో దద్దరిల్లి పాటను మింగేస్తుంది. కాబట్టి చివరి సర్దుబాటు ఆ ఊళ్లో, ఆ బాక్సుల మీద, డోళ్లు మోగుతుండగానే జరగాలి.

నాలుగు తీగల బాస్‌లో అట్టడుగు ‘ఇ’ తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. చిన్న సౌండ్ బాక్సులు అంత కిందికి దిగలేవు. పెద్ద సబ్‌వూఫర్లు దిగుతాయి, కానీ అక్కడ డోలు దెబ్బ, కీబోర్డు ఎడమచేయి, బేస్ డ్రమ్ అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. పెడల్ ఈక్వలైజర్‌లో 40 హెర్ట్జ్ కింద కోసేయాలి. 200 నుంచి 300 మధ్య కాస్త తగ్గించాలి. 700 నుంచి 1000 దాకా కొద్దిగా లేపాలి. తీగ గరగర, వేలి స్పర్శ ఉండేది అక్కడే. ఇలా మారిస్తే బాస్ సన్నబడినట్టు ఇంట్లో భయం వేస్తుంది. స్టేజీ మీద డోలు కింది భాగాన్ని నింపుతుంది, బాస్ దాని పైన స్పష్టంగా నిలుస్తుంది. గాయకుడు నోరు తెరిచాక మాత్రం ఆ లేపుడు కూడా మితంగానే ఉండాలి. ‘బలగం’ (2023) పతాక సన్నివేశంలో వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన మొగిలయ్య, కొమురమ్మ పాడుతుంటే థియేటర్లలో జనం ఏడ్చారు. ఆ పదాలకు అడ్డొచ్చే బాస్ ఎంత గొప్పగా వాయించినా తప్పే.

గట్టి, మెల్లని స్వరాల మధ్య తేడాను తగ్గించే కంప్రెసర్‌ను ఎక్కువమంది అతిగా వాడతారు. 3:1 లేదా 4:1 నిష్పత్తి చాలు. గట్టిగా కొట్టిన స్వరం మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గితే సరిపోతుంది. అంతకు మించితే వేలి బరువు, లయలోని ఒత్తిడి చచ్చిపోతాయి. ఎఫెక్టుల వరుస కూడా ముఖ్యమే. ఫిల్టర్ మీటు బలాన్ని బట్టి పనిచేస్తుంది కనుక అది కంప్రెసర్‌కు ముందుండాలి. ఆ తర్వాత డ్రైవ్, కోరస్, చివర్లో ఈక్వలైజర్. డ్రైవ్ వేసినప్పుడు శుద్ధ ధ్వనిని పక్కన కలపకపోతే మంద్రం మాయమవుతుంది. ఆక్టేవ్‌ను పై రెండు తీగల మీదే వాడటం మేలు, అడుగు స్వరాలను అది సరిగా పట్టలేదు. ప్యాచ్ మారినప్పుడు శబ్దం ఎగిరిపడకుండా అన్నింటి వాల్యూమ్‌ను ఒకే మట్టానికి తేవాలి. ఈ పని మీటరు చూసి కాదు, మిక్సర్ దగ్గర ఒకరిని నిలబెట్టి విని చేయాలి. ఎఫెక్టుల సంఖ్య చూసి పెడల్ కొనడం దండగ. శుద్ధమైనదొకటి, డ్రైవ్‌దొకటి, ఫిల్టర్‌దొకటి, మూడు ప్యాచ్‌లతో రాత్రంతా వాయించవచ్చు.

పెడల్ నుంచి వైరు ఆంప్‌కు వెళ్తుందా, నేరుగా మిక్సర్‌కు వెళ్తుందా అన్నది ముందే తెలియాలి. ఆంప్‌కైతే స్పీకర్ పెట్టె ధ్వనిని అనుకరించే క్యాబినెట్ సిమ్యులేషన్ ఆపేయాలి, మిక్సర్‌కైతే వేయాలి. చాలామంది వాడే జూమ్ బి1 ఫోర్, బాస్ (BOSS) కంపెనీ జిటి-1బి లాంటి చిన్న పెడల్స్‌కు మైకు వైరు ఎక్కే ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌పుట్ ఉండదు. దూరంగా ఉన్న మిక్సర్‌కు వైరు లాగాలంటే మధ్యలో ధ్వని సంకేతాన్ని మైకు వైరుకు తగ్గట్టు మార్చే డీఐ బాక్సు తప్పదు.

కరెంటు సంగతి అన్నింటికంటే పెద్దది. జనరేటర్, సీరియల్ లైట్లు, సౌండ్ బాక్సులు ఒకే లైను మీద ఉంటే గుయ్‌మనే మోత బాస్‌లోకి దూరుతుంది. డీఐ బాక్సు మీది గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కితే చాలాసార్లు పోతుంది. దానికోసం ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొట్టే అలవాటు మాత్రం ప్రాణాంతకం. లైనులో లోపముంటే తీగల మీది చేయి, మైకును తాకిన పెదవి కలిసి కరెంటుకు దారి అవుతాయి. పైన చెప్పిన రెండు పెడల్స్ నాలుగు ఏఏ బ్యాటరీల మీద కూడా నడుస్తాయి. జనరేటర్ మీద నడిచే మండపంలో అడాప్టర్ తీసేసి కొత్త బ్యాటరీలు వేస్తే అడాప్టర్ దారిన వచ్చే మోత ఆగిపోతుంది. సంచిలో అదనంగా ఒక వైరు పెట్టుకోవాలి. పెడల్ మధ్యలో మొండికేస్తే గిటార్ వైరును నేరుగా డీఐ బాక్సులో గుచ్చి పాట ఆగకుండా వాయించాలి.