మూల గడిలో మనుషులు

హంతకుడెవరో పదకొండో సంచికకి గానీ తేలదు. కానీ ఆ హంతకుడి జాడ పట్టి తిరిగే మనిషి మొదటి పేజీలోనే మన ముందు నుంచి నడిచిపోతాడు. ఎర్రజుట్టు, చేతిలో లోకం అంతమవుతోందని రాసిన అట్ట. రోడ్డు మీది రక్తంలో కాలు పెట్టి, పట్టించుకోకుండా పోతాడు. అదే పేజీలో బొమ్మల మీద ఎవరిదో డైరీ రాత ఉంటుంది. డైరీ రాసేది రోర్షాక్ అనే ముసుగువాడు. అట్ట పట్టుకున్నవాడూ డైరీ రాసేవాడూ ఒక్కడేనని తెలిసేది ఐదో సంచిక చివర, పోలీసులు ముసుగు లాగేశాక. రాతా బొమ్మా మొదటి నుంచీ ఒకే పేజీలో ఉన్నాయి. దాచిపెట్టిందేమీ లేదు. మిస్టరీ కథకి ఇంతకన్నా నిజాయితీ ఏం కావాలి?

అలన్ మూర్ రాసి, డేవ్ గిబ్బన్స్ బొమ్మలు వేసిన 'వాచ్‌మెన్' గురించే చెబుతున్నాం. 1986, 1987ల్లో డీసీ కామిక్స్ పన్నెండు సంచికలుగా తెచ్చింది. వాచ్‌మన్ అనగానే మనకి గుర్తొచ్చేది పట్నంలో అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కుర్చీ వేసుకుని, ఎవరొచ్చినా లేచి నిలబడే మనిషి. ఈ పుస్తకంలోని కాపలాదారులు అలా ఎవరికీ లేచి నిలబడరు. ముసుగులు వేసుకుని ఎవరు మంచో ఎవరు చెడో వాళ్లే తేల్చి, వాళ్లే కొడతారు. ఈ కథలోని అమెరికా 1977లో చట్టం చేసి వాళ్లని ఆపేసింది. 1985 అక్టోబరులో వాళ్లలో ఒకణ్ని, కమెడియన్ అని పిలిచే ఎడ్వర్డ్ బ్లేక్‌ని, ఎవరో తన ఇంటి కిటికీలోంచే కిందికి విసిరేశారు. కథ అక్కడ మొదలవుతుంది.

గిబ్బన్స్ పేజీని అడ్డంగా మూడు, నిలువుగా మూడు, మొత్తం తొమ్మిది గడులుగా కోస్తాడు. అప్పుడప్పుడు రెండు మూడు గడులు కలిపినా ఆ కొలత మాత్రం తప్పదు. ధన్, ధడేల్ అనే అక్షరాలు లేవు. మనసులో మాట చెప్పే మబ్బు బుడగలు లేవు. సూపర్‌హీరోల కామిక్కుల్లో మెరిసే ఎరుపు, నీలం ఇక్కడ తక్కువ. జాన్ హిగ్గిన్స్ ఊదా, ఆకుపచ్చ, నారింజ, గోధుమ రంగుల్ని ఎంచుకున్నాడు. అందుకే పేజీలో ఏ ఒక్కటీ నన్ను చూడమని అరవదు. కన్ను తీరిగ్గా మూలమూలకీ వెళ్తుంది. ఐదో సంచికని ముందుకీ వెనక్కీ తిప్పి చూడండి. మొదటి పేజీలో గడులు ఎలా పేర్చారో చివరి పేజీలో అలాగే, రెండోది చివరి నుంచి రెండోదానిలా, నట్టనడుమ మడత దాకా అద్దంలో చూసినట్టు ఉంటుంది. తెలియకుండా చదివినా నష్టం లేదు, తెలిశాక మళ్లీ చదవకుండా ఉండలేం.

బొమ్మలుంటే పిల్లల పుస్తకమనీ, అక్షరం రానివాళ్ల కోసమనీ చులకనగా అనేవాళ్లున్నారు. డోలి కోయలు పడిగె విప్పి, దాని మీది బొమ్మలు చూస్తూ ఇంటిపేర్ల చరిత్ర చెబుతారు. అది చదవడం కాదని మేం ఒప్పుకోం. అయితే పడిగెకి గడులు లేవు. 2011లో వచ్చిన 'భీమాయన'లో దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే ప్రధాన్ గోండు చిత్రకారులు అంబేద్కర్ జీవితాన్ని గీశారు. గడులు వద్దనుకుని, తమ ఇళ్ల గోడల మీదా నేల మీదా వేసే దిగ్నా ముగ్గుతోనే పేజీని పాయలు చేశారు. మెత్తటి మాటకి పిట్ట ఆకారం, కాటు వేసే మాటకి తేలు తోక. ఆ పుస్తకం చూశాక గిబ్బన్స్ గడులు మాకు జైలు ఊచల్లా కనిపించాలి. కనిపించలేదు. ఈ కథలో మనుషులు నిజంగానే గడియారంలో ఇరుక్కున్నవాళ్లు. ప్రతి సంచిక చివరా ముల్లు అర్ధరాత్రికి దగ్గరవుతూ ఉంటుంది. వాళ్లకి ఆ గడులే సరి.

మాకు ఎక్కువ నచ్చింది పేపర్ల కొట్టు. న్యూయార్క్ వీధి మూలన ఒక ముసలాయన పేపర్లు అమ్ముతాడు. ఓ నల్లపిల్లాడు అక్కడే కూలబడి, కొనకుండా ఓడదొంగల కామిక్ చదువుతుంటాడు. వీరులు తిరిగే లోకంలో వీరుల కామిక్కులు ఎవరికి కావాలి, అందుకని అక్కడ ఓడదొంగల కథలు! వీళ్లకి హత్యతో ఏ సంబంధమూ లేదు. అయినా మూర్ మళ్లీ మళ్లీ అక్కడికే వస్తాడు. ముసలాయన గొణుగుడు మరీ ఎక్కువైందని విసుగు పుట్టే చోట్లున్నాయి. సంచికల చివర అతికించిన వచనం పేజీలు కొన్ని ఇంకా బరువు. కానీ పదకొండో సంచికలో ఆ ఇద్దరి పేర్లూ ఒకటేనని, ఇద్దరూ బెర్నార్డులేనని వాళ్లకి తెలుస్తుంది. కాసేపటికే తెల్లటి వెలుగు. ఒకరినొకరు పట్టుకుని అందులో కరిగిపోతారు. పన్నెండో సంచిక తెరిస్తే వరసగా ఆరు పేజీలు, గడి లేదు, మాట లేదు, ఊరంతా శవాలు.

చంపినవాడి పేరు ఇక్కడ చెప్పం. ఎందుకు చంపాడో చెప్పక తప్పదు. అణుయుద్ధంలో కోట్లమంది చావకుండా లక్షలమందిని తానే చంపాడు. లెక్క తనదే, సంతకం తనదే. ఆపడానికి వచ్చినవాళ్లకి తాపీగా అంతా వివరించి, ఆ పని 35 నిమిషాల కిందటే అయిపోయిందంటాడు. గోదావరి ముంపు మండలాల్లో ఉన్నవాళ్లు ఈ మాట దగ్గర కాసేపు ఆగుతారు. భూమి తీసుకునే ముందు గ్రామసభని సంప్రదించాలని 1996లో పెసా చట్టం వచ్చింది. సంప్రదించడానికి వచ్చేసరికే గట్టు లేచిన చోట్లు మనకి తెలుసు. అక్కడా చెప్పేది దేశం బాగు గురించే. మూర్ ఈ తర్కాన్ని తిట్టడు, ముద్దూ పెట్టుకోడు. పేపర్ల కొట్టుని పదకొండో సంచిక దాకా మళ్లీ మళ్లీ చూపించి ఊరుకున్నాడు. లక్షలనే అంకెకి మనకి రెండు ముఖాలు దొరికాయి.

మా ఫిర్యాదు కూడా ఇక్కడే. రెండో సంచికలో బ్లేక్ అంత్యక్రియల మధ్య వియత్నాం గుర్తుకొస్తుంది. డాక్టర్ మన్‌హటన్ అనే నీలిదేహం మనిషి అక్కడ యుద్ధం గెలిపించాడు. వియత్నాం వాళ్లు అతని ముందు లొంగిపోవడానికీ మొక్కడానికీ తప్ప పెద్దగా కనపడరు. ఒక్క స్త్రీ మాత్రం నోరు విప్పుతుంది. కడుపులో ఉన్న బిడ్డ బ్లేక్‌దే, అతను వదిలేసి పోతానంటాడు. ఆమె పగిలిన సీసాతో అతని ముఖం చీలుస్తుంది. అతను కాల్చేస్తాడు. తుపాకీని ఆవిరి చేయగలిగిన మన్‌హటన్ పక్కనే నిలబడి చూస్తాడు. ఆ సంగతి అతని మొహం మీద అనేది కూడా కాల్చినవాడే. రాతలోనూ బొమ్మలోనూ పుస్తకం మొత్తంలో ఇంత పదునైన చోటు మరొకటి లేదు.

పేపర్లమ్మే ముసలాయనకి పేరుంది. పిల్లాడికి పేరుంది. బ్లేక్‌ని ఎవరు చంపారో వెతకడానికి పన్నెండు సంచికలున్నాయి. ఆ వియత్నాం స్త్రీకి పేరు లేదు. ఆమెది హత్య అని కూడా ఎవరూ వెతకరు. ఆమె గీసిన గాటు మాత్రం బ్లేక్ ముఖం మీద చచ్చేదాకా ఉంది. గిబ్బన్స్ దాన్ని మరిచిపోలేదు.